దోర్నపాల్ గడి ఖాళీగా ఉన్నంత మాత్రాన సున్నా కాదు

భద్రాచలం నుంచి చింతూరు, కుంట మీదుగా జగదల్‌పూర్ వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారిపై, శబరి నదికి చేరువలో ఉన్న చిన్న పట్టణం దోర్నపాల్. 1998 మే నెల వరకూ ఇది మధ్యప్రదేశ్‌లోని బస్తర్ జిల్లాలో ఉండేది. ఆ నెలలో దంతెవాడ జిల్లా ఏర్పడటంతో అందులోకి వెళ్లింది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం అవతరించడంతో రాష్ట్రం మారింది. 2012 జనవరిలో సుక్మా జిల్లా ఏర్పాటు కావడంతో జిల్లా మళ్లీ మారింది. పధ్నాలుగేళ్ల వ్యవధిలో ఊరు అంగుళమైనా కదలకుండా మూడు జిల్లాలను, రెండు రాష్ట్రాలను చూసింది.

ఊరి భోగట్టా ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. దినపత్రికల్లో గణాంకాల వార్తలకు తోడుగా కమ్మీ చిత్రాలు వేయడం ఆనవాయితీ. ఒక్కో రాష్ట్రానికో జిల్లాకో రెండు మూడు కమ్మీలను పక్కపక్కనే గుంపుగా నిలబెట్టి, ఒక్కో కమ్మీకి ఒక్కో సంవత్సరాన్ని కేటాయించి, ఏది పెరిగిందో ఏది తగ్గిందో ఒక్క చూపులో తెలిసేలా గీస్తారు. ఇప్పుడు బస్తర్ డివిజన్‌లోని ఏడు జిల్లాలకు (బస్తర్, కాంకేర్, కొండగావ్, నారాయణ్‌పూర్, దంతెవాడ, బీజాపూర్, సుక్మా) 1991, 2001, 2011, 2021 జనాభా లెక్కలతో అలాంటి చిత్రం గీయాలనుకుంటే ఏమవుతుంది? మొత్తం 28 గడులు కావాలి. 1991లో అక్కడ ఉన్నది ఒక్క బస్తర్ జిల్లాయే. 2001 నాటికి మూడు, 2011 నాటికి ఐదు. 2021లో జనగణన జరగనే లేదు. వెరసి నిండేది తొమ్మిది గడులు. తక్కిన 19 ఖాళీ.

ఈ 19 ఖాళీలూ ఒకే రకానివి కావు. 12 గడులు జిల్లా అప్పటికి పుట్టలేదు గనుక ఖాళీ. ఏడు గడులు లెక్కే తీయలేదు గనుక ఖాళీ. ఒక్కటి కూడా అక్కడ జనం లేరు గనుక ఖాళీ కాదు. కానీ అచ్చయిన చిత్రంలో ఈ తేడా కనిపించదు. కమ్మీ లేని చోట పాఠకుడి కన్ను సున్నానే చదువుతుంది. చిత్రం గీసేవారు ఆ ఖాళీలు అసహ్యంగా ఉన్నాయని మూసేస్తే పరిస్థితి మరింత విషమిస్తుంది. సమస్య చిత్రకళకు సంబంధించిన చిన్న విషయంలా తోచవచ్చు. దోర్నపాల్ వంటి చోట అది చిన్నది కాదు.

తగ్గని జనాభా తగ్గినట్లు

ఒక ఉదాహరణ చాలు. 2001 జనాభా లెక్కల ప్రకారం దంతెవాడ జిల్లా జనాభా సుమారు 7.19 లక్షలు. 2011 లెక్కల్లో అదే పేరుగల జిల్లా జనాభా 5.33 లక్షలు. రెండు కమ్మీలను పక్కపక్కన నిలబెడితే రెండోది మొదటిదానికంటే నాలుగో వంతుకు పైగా పొట్టిది. 2005 జూన్‌లో సల్వాజుడుం ప్రారంభం కావడం, గ్రామాలు తగలబడటం, వేలాది ఆదివాసీలు శిబిరాలకు, పొరుగు రాష్ట్రాలకు చేరడం పాఠకులకు విదితమే. కనుక ఆ పొట్టి కమ్మీని చూసిన వారెవరైనా దాదాపు రెండు లక్షల మంది మాయమయ్యారనే అనుకుంటారు.

వాస్తవం వేరు. 2007లో బీజాపూర్ ప్రత్యేక జిల్లాగా విడిపోయింది. 2011లో దాని జనాభా 2.55 లక్షలు. పాత సరిహద్దు ప్రకారం రెంటినీ కలిపితే 7.88 లక్షలు. అంటే జనాభా తగ్గలేదు, పెరిగింది.

అయితే వ్యవహారం ఇంతటితో ముగియదు. పదేళ్లలో పెరుగుదల సుమారు 10 శాతం. అదే దశాబ్దంలో ఛత్తీస్‌గఢ్ మొత్తం మీద పెరుగుదల 22.6 శాతం. ఈ వెనుకబాటుకు వలస ఎంత కారణం, గణకులు చేరలేని గ్రామాలు ఎంత కారణం, మరణాలు ఎంత కారణం అన్నది లోతుగా విచారించవలసిన విషయం. ఆ ప్రశ్న వేయాలంటే ముందు ఆ తప్పుడు పతనం చిత్రంలోంచి తొలగాలి. బీజాపూర్ 2001 గడి ఖాళీగా ఉండటానికి కారణమేమిటో చిత్రంలో రాసి ఉంటే పాఠకుడు దంతెవాడ కమ్మీని అనుమానంగా చూసేవాడు. ఆ ఖాళీని మూసివేసిన చిత్రం అబద్ధపు దిగ్భ్రాంతిని కలిగించి, అసలు దిగ్భ్రాంతిని దాచిపెడుతుంది.

రెండు అర్థాల ఎన్.ఏ.

ఈ గందరగోళం చాలావరకు వార్తాసంస్థల పట్టికల నుంచే మొదలవుతుంది. ఇంగ్లీషు పట్టికలో అంకె లేని చోట 'ఎన్.ఏ.' అని ఉంటుంది. ఇంగ్లీషులో ఆ రెండక్షరాలకు 'లభ్యం కాలేదు' అనీ, 'వర్తించదు' అనీ రెండర్థాలు. ఇంగ్లీషు పత్రికకు దీనితో ఇబ్బంది లేదు, రెండక్షరాలనూ యథాతథంగా అచ్చువేసి ఊరుకోవచ్చు. తెలుగులోకి మార్చేవారికి ఆ సౌలభ్యం లేదు. లభ్యం కాలేదని రాయాలా, వర్తించదని రాయాలా తేల్చుకోవాలి. తేల్చుకోవాలంటే ఆ గడి ఎందుకు ఖాళీగా ఉందో తెలియాలి. తెలుగు భాష ఈ విషయంలో ఇంగ్లీషుకంటే నిజాయితీగా ఉందనే చెప్పాలి. దురదృష్టవశాత్తూ, రాత్రి ఎడిషన్ వేళ మించిపోతున్నప్పుడు తేల్చుకోవడం మాని గడిని ఖాళీగా వదిలేయడమే ఎక్కువగా జరుగుతుంది.

రిజర్వు బ్యాంకు ఈ విషయంలో తన ప్రచురణల్లో ఏనాడో ఒక పద్ధతి పెట్టుకుంది. రెండు చుక్కలుంటే అంకె లభ్యం కాలేదని అర్థం. అడ్డగీత ఉంటే సున్నా లేదా లెక్కలోకి రానంత స్వల్పమని అర్థం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మరో అడుగు ముందుకు వేసింది. ఒక అంశం కింద నమూనాలో 25 మంది కూడా దొరకకపోతే శాతాన్ని ప్రకటించకుండా నక్షత్రపు గుర్తు పెడుతుంది. 25 నుంచి 49 మంది మాత్రమే ఉంటే అంకెను కుండలీకరణాల్లో వేసి, జాగ్రత్తగా చదవమని హెచ్చరిస్తుంది. చుక్కలు, గీత, నక్షత్రం - వీటి వెనుక ఎంతో ఆలోచన ఉంది. పట్టిక చిత్రంగా మారే క్షణంలో అదంతా ఆవిరైపోతుంది. కంప్యూటరుకు నక్షత్రం ఎత్తు తెలియదు. చుక్కలకూ ఎత్తు లేదు. అన్నిటినీ ఖాళీగానే గీస్తుంది.

ఆ గీయడంలోనూ సాఫ్ట్‌వేర్లు తలోదారి. కొన్ని, అంకె లేని కమ్మీకి కేటాయించిన చోటును అలాగే వదిలేస్తాయి. అప్పుడు గుంపు మధ్యలో ఊడిన పన్నులా సందు కనిపిస్తుంది. మరికొన్ని, చెప్పకుండానే మిగిలిన కమ్మీలను లావు చేసి ఆ చోటును నింపేస్తాయి. మూడు కమ్మీలుండవలసిన జిల్లాలో ఒక్కటే ఉంటే అది మూడింతల వెడల్పుతో నిలబడుతుంది. కన్ను ఎత్తును మాత్రమే కొలవదు, ఒళ్లును కూడా కొలుస్తుంది. ఫలితంగా, ఎవరి గురించి అతి తక్కువ సమాచారం ఉందో ఆ జిల్లాయే చిత్రంలో అతి పెద్దదిగా కనిపించే విడ్డూరం ఏర్పడుతుంది. రెండు పద్ధతుల్లో సందు వదిలే పద్ధతే మేలు. అది కనీసం ఏదో లేదని ఒప్పుకుంటుంది.

కమ్మీ చిత్రం పుట్టుకే ఒక లోటు నుంచి జరిగిందన్న సంగతి ఇక్కడ గుర్తుచేసుకోదగినది. 1786లో లండన్‌లో 'కమర్షియల్ అండ్ పొలిటికల్ అట్లాస్' ప్రచురించిన విలియం ప్లేఫెయిర్, ఇంగ్లండు వర్తకాన్ని ఏళ్ల వరుసలో గీతలుగా చూపగలిగాడు. స్కాట్లండుకు వచ్చేసరికి 1780 క్రిస్మస్ నుంచి 1781 క్రిస్మస్ వరకు ఒక్క సంవత్సరపు లెక్క మాత్రమే చేతికందింది. ఏళ్ల వరుస లేకపోవడంతో, 17 దేశాలు, ప్రాంతాలతో జరిగిన ఎగుమతి దిగుమతులను జంట కమ్మీలుగా గీశాడు. చేతిలో ఉన్న లెక్క ఒక్క ఏడాదిదేనని పాఠకులకు చెప్పే గీశాడు. గుంపు కమ్మీ చిత్రాలకు ఆదిపురుషుడనదగిన ఆ చిత్రం, తనలోని లోటును దాచుకోలేదు.

పూడ్చిన గడులు

ఖాళీని చూపడం ఇష్టం లేని సంస్థలు దాన్ని పూడ్చడమూ కద్దు. 1981లో అస్సాంలో ఆందోళన కారణంగా జనగణన జరగలేదు. 1991లో జమ్మూ కాశ్మీర్‌లో జరగలేదు. ఈ రెండు రాష్ట్రాలకూ ముందూ వెనుకా జరిగిన గణనల ఆధారంగా మధ్యంతర అంచనా కట్టి అధికార పట్టికల్లో చేర్చారు. అంచనా కట్టడంలో తప్పులేదు. పట్టిక అడుగున ఆ సంగతి రాశారు కూడా. కానీ ఆ పట్టికల నుంచి చిత్రాలు గీసిన చోట అంచనా కమ్మీ, లెక్కించిన కమ్మీ ఒకే రంగులో నిలబడితే, లెక్కించని మనుషులను లెక్కించినట్లే అవుతుంది.

జాతీయ నేర గణాంకాల సంస్థ 2019 నివేదికలో మరో రకం పూడ్పు కనిపిస్తుంది. పశ్చిమ బెంగాల్ నుంచి ఆ ఏటి వివరాలు సకాలంలో రాకపోవడంతో 2018 అంకెలనే 2019కి వాడారు. ఆ విషయాన్ని నివేదికలో పేర్కొన్నారు. ఆ నివేదికను ఆధారం చేసుకుని రెండేళ్ల జంట కమ్మీలు గీస్తే బెంగాల్ గుంపులో రెండు కమ్మీలూ సరిసమానంగా ఉంటాయి. నేరాలు పెరగనూ లేదు, తరగనూ లేదనే వార్త రాయడానికి అవకాశమిచ్చే ఈ సమానత్వం కేవలం నకలు ఫలితం. ఇంతకంటే ఖాళీ గడి వేయి రెట్లు నయం.

మూసివేత వల్ల జరిగే మోసానికి ఆర్థిక రంగంలోనే చక్కటి దృష్టాంతం ఉంది. గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం గ్రామీణ ప్రాంతాల్లో తలసరి నెలసరి ఖర్చు 2011-12లో 1,430 రూపాయలు, 2022-23లో 3,773 రూపాయలు. మధ్యలో 2017-18లో కూడా సర్వే జరిగింది. సమాచార నాణ్యతలో లోపాలున్నాయని చెబుతూ 2019 నవంబరులో కేంద్ర గణాంకాల మంత్రిత్వ శాఖ ఆ ఫలితాలను విడుదల చేయరాదని నిర్ణయించింది. ఆ నిర్ణయం మంచిచెడ్డలు అటుంచి, 2011-12 పక్కనే 2022-23ను ఆనించి గీసిన చిత్రాల్లో ఆ సర్వే జరిగిన గుర్తే ఉండదు. పదకొండేళ్ల దూరం ఒక్క అడుగులా కనిపిస్తుంది. మధ్యలో 2017-18కి ఒక ఖాళీ గడి ఉంచి 'సర్వే జరిగింది, విడుదల కాలేదు' అని రాసి ఉంటే, ఆ ఖాళీ కూడా ఒక వార్తే అయ్యేది.

మూయదగిన ఖాళీ

ప్రతి ఖాళీనీ పదిలపరచాలనడం కూడా సరికాదు. సముద్రపు చేపల ఉత్పత్తిపై రాష్ట్రాల వారీ చిత్రంలో తెలంగాణకు, ఛత్తీస్‌గఢ్‌కు చోటు వదిలితే అది నిజాయితీ అనిపించుకోదు, స్థలం దండగ. సముద్రతీరం లేని రాష్ట్రానికి ఆ ప్రశ్నే వర్తించదు. అలాగే బస్తర్ అడవిలో తునికాకు సేకరణ వేసవిలో కొద్ది వారాల పనే. యాభై ఆకుల కట్టలు వెయ్యి ఉన్న ఒక ప్రామాణిక బస్తాకు ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2024లో ధరను 4,000 రూపాయల నుంచి 5,500 రూపాయలకు పెంచింది. ఆకు, ఇప్పపువ్వు, చింతపండు ఆదాయాలను నెలల వారీగా గుంపు కమ్మీలు గీస్తే ఏడాదిలో అధిక భాగం సందులే మిగులుతాయి. అక్కడ పని లేదు గనుక ఆ సందులు సహజం. ఇలాంటప్పుడు గుంపు చిత్రాన్నే వదులుకుని, ఒక్కో సరుకుకు దాని రుతువు మేరకు విడివిడిగా చిన్న చిత్రాలు వేయడం సముచితం.

స్థలాభావం గురించి పేజీ దిద్దేవారు చెప్పే మాటలో న్యాయం లేకపోలేదు. రెండు కాలాల వెడల్పులో 28 గడులు పట్టవు. 19 ఖాళీలున్న చిత్రం చూడముచ్చటగా ఉండదు. నిజానికి సగానికి పైగా గడులు ఖాళీగా ఉన్నప్పుడు చిత్రం గీయకపోవడమే ఉత్తమం. అంత స్థలంలో చిన్న పట్టిక వేసి, ఖాళీలకు మాటలు రాయవచ్చు. పట్టిక పాతకాలపు వస్తువుగా కనిపించవచ్చు గానీ, మాటలు రాయడానికి చోటిస్తుంది. చిత్రం ఇవ్వదు.

రోడ్డు ఆగిన చోట లెక్క

'వర్తించదు' అన్నదానికీ 'లభ్యం కాలేదు' అన్నదానికీ మధ్య దూరం ఎంతో దోర్నపాల్ నుంచి లోపలికి వెళితే తెలుస్తుంది. ఇక్కడి నుంచి పశ్చిమంగా జగర్గుండకు 56 కిలోమీటర్ల దారి. పోలంపల్లి, చింతగుఫా, బుర్కాపాల్, చింతల్‌నార్ ఈ దారిలోని ఊళ్లు. 2010 ఏప్రిల్ 6న తాడ్‌మెట్ల వద్ద 76 మంది భద్రతా సిబ్బంది, 2017 ఏప్రిల్ 24న బుర్కాపాల్ వద్ద 25 మంది సి.ఆర్.పి.ఎఫ్. జవాన్లు మరణించింది ఈ మార్గం పరిసరాల్లోనే. ఏళ్ల తరబడి జగర్గుండకు సరుకులు సైతం భద్రతా దళాల కాపలాతో వెళ్లవలసి వచ్చింది. బియ్యమే కాపలాతో వెళ్లే చోటికి ప్రశ్నావళి పట్టుకున్న గణకుడు ఎంత తరచుగా వెళ్లగలడో ఊహించడం కష్టం కాదు. మలేరియా రక్తపరీక్షలు చేసేవారు చేరని గ్రామంలో మలేరియా కేసులు సున్నా అని రాసుకోవచ్చు. ఆ సున్నా ఆరోగ్యాన్ని సూచించదు.

ఈ ఇబ్బంది బస్తర్‌కే పరిమితం కాదు. జాతీయ నమూనా సర్వే సంస్థ పలు దఫాల సర్వేల్లో, బస్సు మార్గానికి ఐదు కిలోమీటర్లకు మించిన నాగాలాండ్ లోపలి గ్రామాలను మినహాయించింది. ఏడాది పొడవునా చేరుకోలేని అండమాన్ నికోబార్ గ్రామాలనూ వదిలేసింది. అయితే ఆ సంగతిని నివేదికల్లోనే స్పష్టంగా చెప్పింది. అంటే నాగాలాండ్ కమ్మీ ఎత్తు రోడ్డు పక్క నాగాలాండ్ ఎత్తు మాత్రమే. ఆ మాట చిత్రం కింద ఎన్ని పత్రికలు వేశాయన్నది వేరే ప్రశ్న.

దోర్నపాల్‌కు మరో ప్రత్యేకత ఉంది. సల్వాజుడుం కాలంలో 2006 నుంచి ఇక్కడ పెద్ద సహాయ శిబిరం నడిచింది. లోపలి గ్రామాల ప్రజలను ఇక్కడికి తరలించారు. సల్వాజుడుంకు తోడుగా ప్రత్యేక పోలీసు అధికారుల నియామకం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పేనాటికి లోపలి గ్రామాల బడులు చాలావరకు మూతపడ్డాయి, లేదా రోడ్డు పక్కకు తరలిపోయాయి. వెదురు, ప్లైవుడ్‌తో కట్టిన 'పోర్టా కేబిన్' వసతి పాఠశాలలు వాటి స్థానంలోకి వచ్చాయి. ఇప్పుడు గ్రామాల వారీగా 2004, 2012 సంవత్సరాల బడి పిల్లల సంఖ్యను జంట కమ్మీలుగా గీశారనుకుందాం. లోపలి గ్రామాల్లో రెండో కమ్మీ ఉండదు. దోర్నపాల్‌లో రెండో కమ్మీ ఆకాశాన్నంటుతుంది. ఖాళీ గుంపులు అనవసరమని తీసేస్తే చిత్రంలో మిగిలేది దోర్నపాల్ ఒక్కటే. విద్యారంగంలో అద్భుత ప్రగతి అని శీర్షిక పెట్టడానికి ఎవరికీ సంకోచం కలగదు. పిల్లలు ఎక్కడి నుంచి వచ్చారో చెప్పవలసిన గడులు ఆ తీసేసిన గడులే.

శబరి దాటి ఇవతలికి వచ్చినవారి సంగతీ అంతే. 2005 తర్వాత వేలాదిగా నాటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవుల్లోకి వచ్చి స్థిరపడిన వారిని ఇక్కడ గుత్తికోయలని పిలుస్తారు. షెడ్యూల్డు తెగల జాబితా రాష్ట్రాల వారీగా ఉంటుంది గనుక వలస వచ్చిన చోట ఆ హోదా వారికి వర్తిస్తుందా అన్నది వివాదంగానే ఉంటూ వచ్చింది. తెగల వారీ కమ్మీ చిత్రంలో వారికి సుక్మాలో కమ్మీ తగ్గుతుంది, ఇవతలి జిల్లాల్లో పెరగదు. రెండు చిత్రాల మధ్య ఉన్న సందులో ఉన్నారు వారు.

తెలుగు రాష్ట్రాలకు ఈ గడుల తంటా కొత్తేమీ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణ జనాభా ఎంత అని అడిగితే రెండు సమాధానాలున్నాయి: 3,51,93,978, 3,50,03,674. రెండూ సరైనవే. పోలవరం ముంపు దృష్ట్యా 2014లో ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాల ప్రాంతాలను ఆంధ్రప్రదేశ్‌కు బదలాయించడం వల్ల ఏర్పడిన తేడా అది. కుంటకు ఆనుకుని ఉన్న చింతూరు మండలం వాటిలో ఒకటి. తెలంగాణ జిల్లాలు 2016 అక్టోబరులో 10 నుంచి 31కి, 2019లో 33కి పెరిగాయి. ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 2022 ఏప్రిల్‌లో 13 నుంచి 26 అయ్యాయి. ఈ రెండు రాష్ట్రాల జిల్లాలతో పదేళ్ల వెనక్కి వెళ్లే ఏ గుంపు కమ్మీ చిత్రమైనా బస్తర్ చిత్రంలాగే చిల్లులు పడి ఉంటుంది.

ఆరంభ రేఖ లేని ప్రగతి

ఇదంతా కేవలం పాఠకుడి అవగాహనకు సంబంధించిన విషయమే అయితే ఇంత చర్చ అవసరం లేదు. నిధులు, ర్యాంకులు, ప్రశంసలు ఇప్పుడు 'ముందు-తరువాత' పోలికల మీద నడుస్తున్నాయి. 2018 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఆకాంక్ష జిల్లాల కార్యక్రమంలో సుక్మా ఉంది. 112 జిల్లాలను 49 సూచికల మీద, ఎంత ఎత్తులో ఉన్నాయన్నదాన్ని బట్టి కాక ఎంత మెరుగుపడ్డాయన్నదాన్ని బట్టి పోల్చే పద్ధతి అది. మెరుగుదలను కొలవాలంటే ఆరంభ రేఖ ఉండాలి. 2015-16లో జరిగిన నాలుగో కుటుంబ ఆరోగ్య సర్వే 2011 నాటి 640 జిల్లాలనే ప్రమాణంగా తీసుకుంది. సుక్మా ఏర్పడి అప్పటికి నాలుగేళ్లయినా అందులో దానికి గడి లేదు, దంతెవాడలో కలిసే ఉంది. 2019-21లో 707 జిల్లాలతో జరిగిన ఐదో సర్వేలో గాని సుక్మా విడిగా కనిపించలేదు. రెండు సర్వేలను జంట కమ్మీలుగా గీస్తే సుక్మాకు ఎడమ కమ్మీ లేదు. దాన్ని సున్నాగా చదివితే కుడి కమ్మీ ఎంత పొట్టిదైనా ఘనవిజయమే.

2026 మార్చి 31 నాటికి మావోయిస్టు సమస్యను అంతం చేస్తామని 2024 ఆగస్టులో కేంద్ర హోం మంత్రి అమిత్ షా రాయ్‌పూర్‌లో ప్రకటించారు. కొత్త భద్రతా శిబిరాల చుట్టుపక్కల గ్రామాలకు సంక్షేమ సేవలు అందించేందుకు ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం అదే ఏడాది 'నియద్ నెల్లానార్' పథకం చేపట్టింది. ఆ తేదీకి ముందు, తరువాత అంటూ జంట కమ్మీలు గీయడానికి ఇంతకంటే అనువైన సందర్భం ఉండదు. బడులు, కరెంటు, టీకాలు, రేషను కార్డులు, అన్నీ గీస్తారు. గీయవలసిందే. ఆ గ్రామాలకు నిజంగా ఏమైనా చేరితే అది వార్తే. కాకపోతే ఎడమవైపు గడి ఖాళీగా ఉన్న ప్రతిచోటా అది మూతపడిన బడి వల్ల ఖాళీయా, లెక్కించనందువల్ల ఖాళీయా అన్నది అధికారులను అడగడం పత్రికల విధి. ఒకప్పుడు నడిచి, మూతపడి, మళ్లీ తెరిచిన బడిని కొత్తగా తెరిచిన బడి పక్కన అదే రంగులో చూపడం ఎవరికీ న్యాయం చేయదు. ప్రభుత్వ విమర్శకులకూ ఇది వర్తిస్తుంది. ఖాళీ గడిని సర్వనాశనంగా చదవడం, ఖాళీ గడి నుంచి ప్రగతిని కొలవడం ఒకే తప్పుకు రెండు ముఖాలు.

డెస్కు మీద చేయగలిగింది పెద్దగా ఖర్చుతో కూడిన పని కాదు. అంకె లేని గడిని ఉండనిచ్చి, కమ్మీ నిలబడవలసిన చోట నిలువుగా 'లెక్క తీయలేదు' అనో, 'జిల్లా ఏర్పడలేదు' అనో, 'విడుదల చేయలేదు' అనో చిన్న అక్షరాల్లో వేస్తే చాలు. నిజంగా సున్నా అయితే అడుగు గీత మీద సున్నా అంకెను అచ్చువేయాలి. అంచనా కమ్మీని గీతలతో నింపాలి, లెక్కించిన కమ్మీని నిండు రంగులో ఉంచాలి. కమ్మీల వెడల్పు గుంపు గుంపుకూ మారకుండా చూడాలి. అన్నిటికంటే మేలైన మార్గం, వీలైన చోటల్లా పాత సరిహద్దులకు తిరిగి వెళ్లడం. బస్తర్‌కు 1991 నాటి ఒక్క జిల్లానే ప్రమాణంగా తీసుకుని ఏడు జిల్లాల అంకెలనూ కలిపితే చిత్రంలో జనగణన జరగని 2021 తప్ప ఖాళీ ఉండదు. వివరం తగ్గుతుంది, వాస్తవం నిలబడుతుంది. వివరమే కావాలంటే తహశీళ్ల స్థాయికి దిగి కొత్త జిల్లాకు పాత అంకె కట్టవచ్చు. సుక్మా, కుంట, ఛింద్‌గఢ్ ప్రాంతాలను 2011 లెక్కల్లోంచి ఏరి కలిపితే నేటి సుక్మా జిల్లాకు సుమారు 2.50 లక్షల జనాభా తేలుతుంది. ఆ పని ఇప్పటికే జరిగింది. వాడుకోవడమే తరువాయి.

వాయిదా పడుతూ వచ్చిన జనగణనకు 2025 జూన్‌లో నోటిఫికేషన్ వెలువడింది. దేశంలో అత్యధిక ప్రాంతాలకు 2027 మార్చి 1వ తేదీని ప్రమాణంగా నిర్ణయించారు. సుక్మా జిల్లాకు ఆ పేరుతో ఇది మొట్టమొదటి జనగణన. ఫలితాలు వెలువడిన రాత్రి ప్రతి పత్రికలోనూ జిల్లాల వారీ కమ్మీలు గీస్తారు. సుక్మా గుంపులో కుడి చివర ఒక నిండు కమ్మీ ఉంటుంది. దానికి ఎడమన 2021 గడిలో కమ్మీ ఉండదు, జనగణన జరగలేదన్న మాట ఉండాలి. ఇంకా ఎడమన 2011 గడిలో 2.50 లక్షల కమ్మీ, తరువాత లెక్కగట్టినది గనుక వేరే ఛాయలో ఉండాలి.